ఐదింట మూడు వంతులు

పద్నాలుగేళ్ళుగా నేను అమెరికా చరిత్ర చెబుతున్నాను. అమెరికాని మాత్రం ఎన్నడూ చూడలేదు. మాది నరసాపురం, ఎమ్మే చదివింది భీమవరంలో. సౌదీలో, హుఫూఫ్‌లో ఒక ప్రైవేటు స్కూలుకి అమెరికన్ సిలబస్ కావాలి గానీ అమెరికా టీచర్లు ఆ జీతానికి రారు. అందుకని బానిసత్వం, అంతర్యుద్ధం, ఓటు హక్కు, అన్నీ ఎనిమిదో తరగతి ఆడపిల్లలకి నరసాపురం ప్రేమజ్యోతే చెబుతుంది. పిల్లల్లో ఈజిప్టు వాళ్ళు, సూడాన్ వాళ్ళు, పాకిస్తానీలు, మనవాళ్ళు, నలుగురైదుగురు సౌదీలు ఉంటారు. ఎవరేం అడిగినా ఆలోచించకుండా జవాబు చెప్పేస్తాను. "మా ఆవిడకి అన్నీ తెలుసండీ, తెలియదనే మాట ఒక్కటే తెలియదు" అని మా ఆయన శామ్యూల్ ఎవరింటికి భోజనానికి వెళ్ళినా నన్ను ఆటపట్టించేవారు. కిందటి వేసవి నుంచి ఆయన ఆ మాట అనడం మానేశారు.

మహబూబ్బీ మా స్కూల్లో ఆయా. కాగితాల్లో మాత్రం స్కూలు యజమాని అబూ ఫహద్ ఇంట్లో పనిమనిషి. పొద్దున్నే డ్రైవరు ఆమెని స్కూల్లో దింపుతాడు. గదులూ బాత్రూములూ కడిగాక మూడింటికి మళ్ళీ ఎక్కించుకుపోయి ఇంటి దగ్గర వదులుతాడు. అక్కడ కడగడం మళ్ళీ మొదలు. రాయచోటి దగ్గర పల్లె ఆమెది, నలభై అయిదేళ్ళుంటాయి. మూడో పీరియడ్‌లో మా గది ముందు వరండా తుడవడం ఆమె వంతు. తుడుపు అక్కడికి వచ్చేసరికి ఎందుకో నెమ్మదించేది. ఆమెకి ఇంగ్లీషు రాదు, చూసేదల్లా గోడమీద నేను అంటించిన చార్టుని. ఒక ఓడని నిలువునా కోసి చూపించిన బొమ్మ అది. అడుగు అరలో మనుషులు ఒకరి పక్కన ఒకరు పడుకుని ఉంటారు.

ఏప్రిల్‌లో ఒకరోజు ఇంటర్వెల్‌లో తనే అడిగింది.

"ఏం టీచరమ్మా, ఈ పడవలో అందరూ అట్ల పండుకోనుండారే, ఏమొచ్చె వీళ్ళకి?"

చెప్పాను. ఆఫ్రికా నుంచి ఎలా పట్టుకొచ్చారో, ఎలా అమ్మారో, తోటల్లో ఎలా పని చేయించారో. ఆమె మాపు కర్ర మీద గడ్డం ఆనించి విన్నది.

"కాంట్రాక్టు ఎన్నేండ్లు?" అని అడిగింది.

"కాంట్రాక్టేంటి మహబూబ్బీ. చచ్చేదాకా. వాళ్ళకి పుట్టిన పిల్లలు కూడా అంతే."

"పోయేకి టికెట్టు?"

"ఎక్కడికి?"

"ఊరికి."

"లేదు."

"అయితే మేమే నయం" అని బకెట్ ఎత్తుకుని పోయింది. నాకు నవ్వొచ్చింది. ఇంటికెళ్ళి శామ్యూల్‌కి చెబితే ఆయనా నవ్వారు.

ఆ తర్వాత రోజూ ఇంటర్వెల్ గంట కొట్టగానే వచ్చేసేది. "ఈ పొద్దు యాడికొచ్చినాం?" అని అడిగేది, సీరియల్ నిన్న ఎక్కడ ఆగిందో అడిగినట్టు. నేను టిఫిన్ తింటూ చెప్పేదాన్ని. తోట దాటి బయటికి వెళ్ళాలంటే దొర చీటీ రాసివ్వాలని చెబితే తల పంకించింది. అందులో ఆమెకి వింతేమీ కనబడలేదు. ఐదింట మూడు వంతుల పాఠం రోజు మాత్రం నన్నే వింతగా చూసింది.

ఆ పాఠం పిల్లలకి ఎక్కడానికి నాకు రెండు పీరియడ్లు పడుతుంది. రాజ్యాంగం రాసేటప్పుడు ఏ రాష్ట్రానికి ఎన్ని సీట్లు అన్నది జనాభాని బట్టి తేల్చాలనుకున్నారు. దక్షిణాది దొరలు బానిసలని ఆస్తి అనే అనేవారు. సీట్ల దగ్గరికి వచ్చేసరికి మాత్రం వాళ్ళనీ మనుషుల్లో లెక్కేయమన్నారు. ఉత్తరాది వాళ్ళు ఒప్పుకోలేదు. చివరికి ఐదుగురు బానిసలని ముగ్గురుగా లెక్కేద్దామని రాజీ పడ్డారు. బానిసకి ఓటు లేదు. ఆ లెక్కతో వచ్చిన సీట్లలో దొరలే కూర్చున్నారు.

మహబూబ్బీకి రెండు నిమిషాలు పట్టింది.

"అంటే తల వాళ్ళది, ఓటు దొరది" అంది.

"అంతే."

"మా ఊర్లోనే నయం గదా టీచరమ్మా. ఐదుకి ఐదూ ఏసుకుంటారు."

అప్పుడు చెప్పింది తన సంగతి. ఆమె జీవితంలో ఒక్కసారి కూడా ఓటు వేయలేదు. మొదటిసారి పెళ్ళయిన కొత్తలో, నెత్తిన నూనె పెట్టుకుని, మంచి చీర కట్టుకుని వెళ్తే "నీ ఓటు పడిపాయ గదమ్మా, ఇంటికి పో" అన్నారట. రెండోసారి తెల్లారుజామునే వెళ్ళి వరుసలో మొదట నిలబడిందట. అప్పటికీ పడిపోయే ఉంది. మూడోసారి నిండు చూలాలు. ఆ తర్వాత ఎన్నికలు వచ్చిన ప్రతిసారీ ఆమె కువైట్‌లోనో ఇక్కడో ఉంది. ఓటరు కార్డు మాత్రం ప్లాస్టిక్ కవర్లో పెట్టి, ఆ కవరు మడిచి ఇంకో కవర్లో పెట్టి, వెంట తిప్పుకుంటోంది. నాకు చూపించింది. ఫొటోలో చిన్నపిల్లలా ఉంది.

"ఈతూరి మా సల్మా నిలబడుతాంది" అంది. సల్మా ఆమె చెల్లెలు. ఊళ్ళో సర్పంచి సీటు ఆడవాళ్ళకి వచ్చింది. "దాన్ని సదివించింది నేనే. నా ఓటు నేనే ఏసుకోవల్ల టీచరమ్మా. దానికే ఏసుకోవల్ల. నా కాంట్రాక్టు ఫిబ్రవరిలోనే అయిపాయ. సార్‌తో చెప్పి నన్ను ఇంటికి తోలిచ్చండి."

సార్ అంటే శామ్యూల్. స్కూల్లో బస్సులూ కాగితాలూ చూసేది ఆయనే. అంతకన్నా పెద్ద సంగతి, అబూ ఫహద్ పేరున ఉన్న ప్రభుత్వ ఆప్ నడిచేది కూడా ఆయన చేతిలోనే. అబూ ఫహద్‌కి డెబ్భై దాటాయి, ఆప్‌లంటే చిరాకు. పనివాళ్ళ పర్మిట్ రెన్యువలైనా, సెలవు మీద ఊరికి పంపడమైనా, శాశ్వతంగా పంపేసే ఖురూజ్ అయినా శామ్యూల్ లాప్‌టాప్‌లో తెరుస్తారు. ఓటీపీ పెద్దాయన ఫోన్‌కి వస్తుంది. ఆయన ఎక్కడున్నా అంకెలు చదువుతాడు, ఈయన కొడతారు. మా ఇద్దరి ఇఖామాలూ, అంటే ఇక్కడ ఉండనిచ్చే కార్డులు, అలాగే రెన్యువల్ అవుతాయి. మా పాస్‌పోర్టులు ఆయన బీరువాలోనే ఉంటాయి.

శామ్యూల్ మూడుసార్లు అడిగారు. అబూ ఫహద్ మూడుసార్లూ నవ్వుతూనే చెప్పాడు. పరీక్షలు అవనీ. కొత్త మనిషి రానీ. ఇన్షా అల్లా. చెడ్డవాడు కాదు. తోటలో ఖర్జూరం దిగితే ప్రతి టీచరింటికీ ఒక పెట్టె వస్తుంది. మహబూబ్బీ వెళ్ళకూడదని ఆయన పట్టుబట్టిందీ లేదు. ఆమె వెళ్ళడం గుర్తుపెట్టుకోవాల్సిన విషయం అని ఆయనకి తోచలేదు. ఈలోగా మార్చిలో ఆమె ఇఖామా తేదీ దాటిపోయింది. ఇఖామా రెన్యువల్ చేస్తే తప్ప ఆప్‌లో ఖురూజ్ నొక్కడం కుదరదు. వెళ్ళిపోయే మనిషికి రెన్యువల్ దేనికి అని ఆయన ఊరుకున్నాడు.

మే నెలలో ఒక మంగళవారం ఓటు హక్కు పాఠం వచ్చింది. ప్రతి ఏడూ ఆ పాఠానికి నేనొక ఆట ఆడిస్తాను. బానిసత్వం పోయి, నల్లవాళ్ళకి ఓటు ఇచ్చామని రాజ్యాంగంలో రాసుకున్నాక కూడా దక్షిణాదిలో గుమస్తాలు రకరకాల పరీక్షలు పెట్టి వాళ్ళని వెనక్కి పంపేవారు. సీసాలో ఎన్ని గింజలున్నాయో చెప్పమని అడిగేవారని కూడా అంటారు. నేను సీసా నిండా ఖర్జూరాలు పోసి తెస్తాను. ఎన్నున్నాయో చెప్పిన వాళ్ళకే క్లాస్ లీడర్ ఎన్నికలో ఓటు. గుమస్తా నేనే. నాకు నచ్చిన వాళ్ళని దాటిస్తాను, నచ్చని వాళ్ళని ఆపేస్తాను. నస్రీన్ అని హైదరాబాదు పిల్ల, చురుకైంది, సీసా చుట్టూ తిరిగి ఎలాగో సరిగ్గా చెప్పేసింది. "నీ చేతిరాత బాలేదు, పక్కకి జరుగు" అన్నాను. ఆట అని తెలిసీ ఆ పిల్ల కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

అదే పీరియడ్ చివర ఇంకో ప్రశ్న వేశాను. తోట నుంచి పారిపోయిన మనిషిని దాచిపెడితే నేరం, పట్టి ఇవ్వాలని చట్టం. అప్పట్లో మీరుంటే, అలాంటి మనిషి వచ్చి మీ తలుపు కొడితే ఏం చేస్తారు? అందరూ దాస్తామని చేతులెత్తారు. "మరి మీరు మిస్?" అంది నస్రీన్, ఇంకా ముక్కు ఎగపీలుస్తూనే. "అడగాలా?" అన్నాను.

గంట కొట్టాక మహబూబ్బీ గది ఊడవడానికి వచ్చింది. ఆ పిల్ల ఎందుకు ఏడ్చిందని అడిగింది. చెప్పాను. ఆమె సీసా చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఎన్నని చెప్పల్లనో మీరే ముందు చెప్పండి టీచరమ్మా. అదే చెప్తా. ఓటైతే ఏయనీండి."

"అలా చెబితే వేయనివ్వరు కదా, అదే పాఠం."

"మరి ఎప్పుడు ఏయనిచ్చినారు?"

"కాగితం మీద ఇచ్చాక, నిజంగా ఇవ్వడానికి తొంభై అయిదేళ్ళు పట్టింది."

సీసా బల్ల మీద పెట్టేసింది. "నాకు అంత టైము లేదు. ఇరవై ఎనిమిది దినాలే ఉండాది" అంది.

ఆ ఇరవై ఎనిమిది రోజులు నన్ను పట్టుకున్నాయి. ఇన్నేళ్ళుగా పాఠం చెప్పి పరీక్ష పెట్టడమే తప్ప ఎవరికీ ఏమీ చేసింది లేదు. ఈ ఒక్క మనిషికి ఈ ఒక్క ఓటు వేయించాలనిపించింది. నేనేదో గొప్పదాన్నని అనిపించుకోవాలన్న సరదా కూడా అందులో ఉంది, లేదని ఎందుకనాలి. రెండ్రోజులు ఆలోచించి, ఒక సాయంత్రం టీ తాగుతూ శామ్యూల్‌కి చెప్పాను.

"హురూబ్ పెట్టిద్దామండీ."

ఆయన కప్పు కింద పెట్టేశారు. పనిమనిషి పారిపోయిందని యజమాని ఆప్‌లో ఫిర్యాదు పెట్టడాన్నే హురూబ్ అంటారు. అది పడిందంటే ఆ మనిషి ఎక్కడ దొరికినా పట్టుకుంటారు. ఆ మాటంటే ఇక్కడ అందరికీ భయమే. కానీ మనవాళ్ళు దానికీ ఒక దారి కనిపెట్టుకున్నారు. యజమాని పంపకపోతే హురూబ్ పెట్టించుకో, నేరుగా దేశం దాటించే ఆఫీసు తర్హీల్‌కి పోయి లొంగిపో, వేలిముద్ర తీసుకుని ప్రభుత్వమే టికెట్ కొని ఊరికి పంపేస్తుంది. మళ్ళీ ఈ దేశం రానివ్వరు, అంతే. స్కూలు బస్సు నడిపిన ఓబులేసు అలాగే పన్నెండు రోజుల్లో కదిరి చేరాడు. ఆ కథ తెలియని తెలుగువాడు హుఫూఫ్‌లో లేడు.

"ఓబులేసు వెళ్ళి ఆరేళ్ళయింది జ్యోతీ. ఇప్పుడు రూల్స్ మారాయంటున్నారు" అన్నారు శామ్యూల్.

"ఎవరంటున్నారు?"

"డ్రైవర్లు."

"డ్రైవర్లు చెబితే వింటారు. నేను చెబితే వినరు."

"అది కాదే..."

"పోనీ మీ దగ్గర ఇంకో దారుందా? చెప్పండి."

ఆయన దగ్గర లేదు. అబూ ఫహద్‌ని ఒప్పించడానికి ఏం చెప్పాలో కూడా నేనే చెప్పాను. హురూబ్ పెడితే ఆమె మీ లెక్కలోంచి పోతుంది, ఇఖామా కట్టక్కర్లేదు, టికెట్ కొనక్కర్లేదు, ఆమె అడగదు. ఆయన మేలు కోరి చెబుతున్నట్టే శామ్యూల్ చెప్పారు. పెద్దాయనకి నచ్చింది. "తయ్యిబ్, తీసుకుపో" అన్నాడు. మహబూబ్బీ నన్ను ఒక్కటే అడిగింది.

"ఓటు దినానికి పోతానా టీచరమ్మా?"

"వారం ముందే వెళ్తావు."

"మీరు సదువుకున్నోళ్ళు. మీరు చెప్తే సరే."

శుక్రవారం మధ్యాహ్నం అబూ ఫహద్ డ్రైవరే ఆమెని బ్యాగ్‌తో సహా మా ఇంటి దగ్గర దింపి వెళ్ళాడు. భోజనాలయ్యాక నేనూ శామ్యూల్ హాల్లో లాప్‌టాప్ ముందు కూర్చున్నాం. పేరు, నంబరు అప్పటికే అందులో ఉన్నాయి. ఎప్పటి నుంచి కనబడటం లేదు అని ఒక గడి ఉంది. మంగళవారం అని పెట్టాం. చివరిసారి ఎక్కడ చూశారు అని ఇంకోటి. ఆ సమయంలో మహబూబ్బీ మా వంటింట్లో టీ కప్పులు కడుగుతోంది. వద్దన్నా వినలేదు. చేతులూరికే ఉంటే తోచదని అంది.

శామ్యూల్ ఫోన్ కలిపారు. పెద్దాయన తోటలో ఉన్నట్టున్నాడు, వెనక నీళ్ళ మోటారు చప్పుడు. అంకెలు చదివాడు. కళ్ళజోడు కనబడక శామ్యూల్ తడుముకుంటుంటే లాప్‌టాప్ నావైపు తిప్పుకుని నేనే కొట్టాను. నాలుగు అంకెలు. ఆకుపచ్చ రంగులో టిక్ పడింది.

మహబూబ్బీ చేతులు చీర కొంగుకి తుడుచుకుంటూ వచ్చింది.

"అయిపాయనా టీచరమ్మా?"

"అయిపోయింది."

"అంటే నేను పారిపోయినట్టేనా?"

ముగ్గురం నవ్వాం. తర్వాత చాలాసార్లు ఆ నవ్వు గుర్తొచ్చి నామీద నాకే అసహ్యం వేసింది.

రెండ్రోజులు మా ఇంట్లోనే ఉంది. ఇంకెవరైనా చూస్తారేమోనని కిటికీ తెరలు వేసి ఉంచాం. ఆదివారం పొద్దున కారులో తీసుకెళ్ళాం. తర్హీల్ గేటు కనబడగానే శామ్యూల్ రోడ్డుకి ఇవతలే కారు ఆపేశారు. హురూబ్ పడిన మనిషిని ఇంట్లో పెట్టుకున్నా, కారులో ఎక్కించుకున్నా నేరం. ఆ సంగతి నాకు బాగా తెలుసు. మంగళవారం బల్ల గుద్ది పాఠం చెప్పిన నోరే ఇది.

"ఇక్కణ్ణుంచి నువ్వే వెళ్ళాలి మహబూబ్బీ" అన్నాను.

"పోతా, పోతా. మీరు ఎండలో నిలబడాకండి." కార్డు ఉన్న కవరు జాకెట్‌లో దోపుకుని, బ్యాగ్ భుజాన వేసుకుని రోడ్డు దాటింది. ఆమె లోపలికి వెళ్ళిందో లేదో కూడా చూడలేదు. శామ్యూల్ కారు తిప్పేశారు.

నాలుగో రోజు ఫోన్ చేసింది. లోపల ఎవరో శ్రీలంక ఆమె ఫోన్. ఆడపనివాళ్ళ షెల్టర్‌కి మార్చారట. "ఫిర్యాదు పెట్టినాయన వచ్చి సంతకం పెట్టల్లంట టీచరమ్మా. ఊరికే తోలరంట ఇప్పుడు. సార్‌ని ఒకసారి పెద్దాయనతో చెప్పమనండి. ఇంకా ఇరవై దినాలుండాది కదా."

డ్రైవర్లు చెప్పిందే నిజం. రూల్ మారింది. యజమాని స్వయంగా వస్తేగాని ఫైలు కదలదు. అబూ ఫహద్ అప్పటికే ఇంటిల్లిపాదినీ తీసుకుని వేసవికి టర్కీ వెళ్ళిపోయాడు. శామ్యూల్ మెసేజ్ పెడితే నీలం టిక్కులు పడ్డాయి. ఫోన్ చేస్తే ఎత్తి, పిల్లల పరీక్షలు ఎలా అయ్యాయని అడిగాడు. మహబూబ్బీ సంగతి చెబితే "సెప్టెంబర్‌లో వస్తాగా, చూద్దాం, ఇన్షా అల్లా" అన్నాడు. గొంతులో కోపం కూడా లేదు.

ఇంకొక దారి ఉంది. అది నాకూ తెలుసు, ఆయనకీ తెలుసు, రెండు రోజులు ఇద్దరం ఎత్తలేదు. మూడోరోజు అన్నం పెడుతూ నేనే ఎత్తాను.

"వెళ్ళి నిజం చెప్పేద్దామండీ. పారిపోలేదు, ఆ రోజు మా ఇంట్లోనే ఉంది, ఫిర్యాదు మేమే కొట్టామని."

"చెబితే?"

"ఆమెని వదిలేస్తారు."

"నన్ను పట్టుకుంటారు. తప్పుడు ఫిర్యాదు, ఇంకొకరి ఆప్. నీ పాస్‌పోర్టు, నా పాస్‌పోర్టు ఎక్కడున్నాయో తెలుసుగా. జాయ్సీకి ఇంకా రెండేళ్ళుంది." జాయ్సీ మా అమ్మాయి, గుంటూరులో నర్సింగ్ చదువుతోంది. ఆయన ముద్ద కలుపుతూనే ఉన్నారు, నోట్లో పెట్టుకోలేదు. "నువ్వు వెళ్ళమంటే వెళ్తాను జ్యోతీ. చెప్పు. వెళ్ళమంటావా?"

వెళ్ళమని నేను అనలేదు. పప్పు వడ్డించి వంటింట్లోకి వెళ్ళిపోయాను. ఆ రోజుతో మా ఇంట్లో ఏదో విరిగింది. ఆయన నన్ను తప్పుపట్టలేదు, నేనూ ఆయన్ని తప్పుపట్టలేదు. తప్పుపట్టుకుని పెద్దగా పోట్లాడుకున్నా బాగుండేదేమో. ఆ మధ్యాహ్నం నుంచి ఓటీపీ కొట్టాల్సి వస్తే ఆయన లాప్‌టాప్ పట్టుకుని పడకగదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంటున్నారు.

మహబూబ్బీ రెండు మూడు రోజులకొకసారి ఫోన్ చేసేది. పదకొండు దినాలుండాది. తొమ్మిది దినాలుండాది. ఫ్లైటు ఎక్కితే ఒక్క దినమే గదా టీచరమ్మా, రాయచోటికి ఇంకొక దినం, మూడు దినాల ముందు ఇడ్సినా సాలు. పెద్దాయనతో మాట్లాడుతున్నామని చెప్పేదాన్ని. అది అబద్ధం కాదు, నిజమూ కాదు. ఇంక రెండే రోజులున్నాయనగా ఫోన్ రాలేదు. ఆ రోజు నాకు ఊపిరి తేలికైంది, ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఎన్నికైన మర్నాడు నేనే సల్మాకి ఫోన్ చేశాను. వెనక డప్పులు, టపాకాయలు.

"గెలిచినాం మేడమ్! పదకొండు ఓట్లు మెజారిటీ! మా అక్కకి చెప్పండి."

"సంతోషం సల్మా. అక్క ఒక్కటే దిగులు పడుతోంది, ఓటు వెయ్యలేకపోయానని."

"ఎందుకు మేడమ్ దిగులు? అక్క ఓటు పడింది."

"ఎలా పడింది?"

"మనోళ్ళే ఏయించినారు. ఇడ్సిపెడితే అవతలోళ్ళు ఏసేస్తారు గదా. లిస్టులో టిక్కు గూడా పెట్టినారు, నేనే చూసినా. అక్క ఓటు వృథా పోలేదని చెప్పండి మేడమ్, సంతోషపడుతుంది."

ఫోన్ పెట్టేశాను. ఆ అమ్మాయికి తప్పని కూడా అనిపించలేదు. అక్క మీద ప్రేమతోనే వేయించుకుంది.

గురువారం షెల్టర్‌కి వెళ్ళాను. స్నేహితురాలినని రాయించుకున్నాను. శామ్యూల్ ఏసీ ఆపకుండా కారులోనే కూర్చున్నారు. సందర్శకుల గదిలో రెండు కుర్చీలు, గోడకి ఒక గడియారం. మహబూబ్బీ సగానికి సగం తగ్గిపోయింది. ఎవరిదో పెద్ద గౌను వేసుకుని ఉంది. కూర్చోకముందే అడిగింది.

"సల్మా?"

"గెలిచింది. పదకొండు ఓట్లతో."

మొహం విప్పారింది. రెండు చేతులూ మొహానికి అద్దుకుని అల్లాకి దండం పెట్టుకుంది. నేను అక్కడితో ఆగి ఉండాల్సింది. కానీ ఊరికి వెళ్ళాక ఎలాగూ తెలుస్తుంది, నా నోటితోనే తెలియనీ అనుకున్నాను. ఇన్ని చేసినదాన్ని ఇదొక్కటన్నా నిజం చెప్పాలనిపించింది.

"నీ ఓటు కూడా పడిందట మహబూబ్బీ. మనవాళ్ళే వేయించారట. లిస్టులో నీ పేరు మీద టిక్ ఉందట."

గౌను చేతిమీద లేచిన దారాన్ని లాగుతూ కూర్చుంది. ఏడుస్తుందేమో, సల్మాని తిడుతుందేమో, నన్ను తిడుతుందేమో అని చూశాను. తిడితే బాగుండునని కూడా అనుకున్నాను. తలెత్తినప్పుడు ఆమె కళ్ళలో కనబడింది ఆశ.

"టీచరమ్మా, అంటే ఆ దినం నేను ఊర్లోనే ఉన్నట్టు ఆడ రాసుండాది గదా? గవర్మెంటు కాగితంలో?"

"ఊఁ."

"ఆ కాగితం తెప్పించి ఈడ చూపిస్తే? ఊర్లో ఉన్న మనిషిని ఈడ పెట్టుకున్నామే అని, ఇడుస్తారేమో?"

ఆమె వేళాకోళానికి అనలేదు. నా మొహంలోకి చూస్తూ జవాబు కోసం ఆగింది. మా స్కూల్లో పిల్లలు అలాగే చూస్తారు.

"తెలియదు మహబూబ్బీ" అన్నాను.

"పోనీలెండి. అడిగి తెలుసుకోండి." గౌను లోపల్నుంచి కవరు తీసింది. కవర్లోంచి ఇంకో కవరు, అందులోంచి కార్డు. "దాంతో పాటు ఇది గూడా చూపించండి. ఫొటో ఉండాది గదా, నమ్ముతారు."

తీసుకున్నాను. టైమైపోయిందని కాపలా ఆమె వచ్చి భుజం తట్టింది. మహబూబ్బీ లేచి, తను కూర్చున్న కుర్చీని, నా కుర్చీని కూడా గోడ వారగా సర్ది లోపలికి వెళ్ళింది.

సెప్టెంబర్‌లో అబూ ఫహద్ వచ్చాడు. ప్రతి వారం శామ్యూల్ అడుగుతూనే ఉన్నారు. ఈ వారం వెళ్దాం, ఇన్షా అల్లా అని ఆయన అంటూనే ఉన్నాడు. ఖర్జూరం పెట్టె ఈసారీ వచ్చింది. మేం విప్పలేదు. మొన్న సోమవారం ఐదింట మూడు వంతుల పాఠం మళ్ళీ వచ్చింది, రెండు పీరియడ్లు పట్టింది.

కార్డు నా బీరువాలో, చీరల అడుగున ఉంది. ఆమె ఇంకా అక్కడే ఉంది.